ఎనిమిది ఖాళీ స్లాట్ల భర్తీ

మా ఆఫీసులో పని వేగంగా జరిగిన కాలం ఒకటుంది. మీరు నమ్మరని తెలుసు. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడే నమ్మలేదు, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మాది ఫలరవాణా అనుమతుల డైరెక్టరేట్. విజయవాడలో మూడంతస్తుల మేడ. చెట్టు దిగిన మామిడికాయ జిల్లా దాటాలంటే మా చీటీ ఉండాలి. ఎందుకుండాలని నన్నడక్కండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే అడిగాను, ఆ ఫైలు ఇంకా చలామణీలో ఉంది. నా పేరు గోవర్ధనం, కంప్యూటర్ సెక్షన్‌కి సూపరింటెండెంటుని. టైపు మిషన్లు ఎత్తేసినప్పుడు మా గది తలుపు మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాశారు, దాంతో నేనూ కంప్యూటర్ మనిషినైపోయాను.

ఈ వేసవి ముందు మాకు కొత్త సర్వరు వచ్చింది. కంపెనీ తరఫున షరీఫ్ అనే ఇంజనీరొచ్చి బిగించి, మీట నొక్కి, చెయ్యి దులుపుకుని పోయాడు. మర్నాడు ఆగిరిపల్లి అవతల మామిడితోట కౌలుకు చేసే సీతారావమ్మ వచ్చింది. ఏటా వచ్చే మనిషే. అలవాటు ప్రకారం వరండాలో గోడవారగా చాప పరుచుకుని, అన్నం క్యారేజీ పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ముద్ర, సంతకం కూడా సర్వరే అచ్చేసిన చీటీని నేను వెళ్ళి చేతిలో పెట్టాను.

"ఇదేంటండీ?" అంది.

"నీ చీటీయే. అయిపోయింది."

"అయిపోటమేంటి? ఇంకా క్యారేజీ మూత కూడా తియ్యలేదు! దొంగ చీటీ ఇవ్వటం లేదు గదా బాబూ?"

ఆమెను నమ్మించడానికి పట్టిన టైములో మరో నలుగురి చీటీలు వచ్చేశాయి. అలా వారం గడిచేసరికి మా వరండా బోసిపోయింది. క్యాంటీన్ వాడు పొయ్యి ఆర్పేశాడు. బయట జిరాక్సు కొట్టువాడు మమ్మల్ని చూసి మొహం తిప్పుకోవడం మొదలెట్టాడు. మా డైరెక్టర్ పానకాలరావు గారు కిటికీ దగ్గర నిలబడి, లారీలు వచ్చినవి వచ్చినట్టే పోతుంటే చూసి నిట్టూర్చారు.

"గోవర్ధనం, జనం మన కార్యాలయానికి వస్తున్నట్టు లేదయ్యా. కార్యాలయం మీదుగా పోతున్నట్టుంది" అన్నారు.

ఆ బెంగలో ఉండగా ఆడిట్ వారు వచ్చారు. వచ్చినాయన సన్నగా, పొడుగ్గా, చేతిలో టార్చిలైటుతో ఉన్నాడు. బీరువాలు చూశాడు, కుర్చీలు తిరగేసి చూశాడు. చివరికి సర్వరు మూత తీయించి లోపలికి లైటు వేశాడు.

"ఇవేమిటి?"

"మెమరీ స్టిక్కులు పెట్టే స్లాట్లండీ" అన్నాను. షరీఫ్ చెప్పగా విన్నది అంతవరకే గుర్తుంది.

"మంజూరైన స్లాట్లు పదహారు. భర్తీ అయినవి ఎనిమిది. మిగిలిన ఎనిమిదీ ఏ కారణం చేత ఖాళీగా ఉంచబడినవి?"

ఖాళీ అనే మాట ఆడిట్ వారి నోటివెంట వచ్చిందంటే కొంప మునిగినట్టే. డైరెక్టర్ గారు హుటాహుటిన షరీఫ్‌ని పిలిపించారు. అతను సర్వరు ముందు గొంతుక్కూర్చుని ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"సార్, ఈ బోర్డు మీద మెమరీకి ఎనిమిది దారులున్నాయి. ఒక్కో దారికి రెండేసి స్లాట్లు. దారికొక స్టిక్ పెడితే ఫుల్ స్పీడు. రెండోది కూడా పెట్టామనుకోండి, కెపాసిటీ పెరుగుద్ది గానీ స్పీడు తగ్గుద్ది. ఆ లిమిట్ స్టిక్కుది కాదు, బోర్డుది. అయినా మీకున్న మెమరీలో సగం కూడా మీరు వాడట్లేదు సార్."

"అంటే సగం స్లాట్లు ఖాళీ, నిండిన సగంలో మళ్ళీ సగం పనిలేకుండా కూర్చుంది" అన్నారు డైరెక్టర్ గారు. "ఈ మాట ఆడిట్ వారి ముందు అనకండి బాబూ, మీకు పుణ్యముంటుంది. స్టోర్లో పాత సర్వరు తాలూకు స్టిక్కులు ఎనిమిది పడున్నాయి. అవి పెట్టేయండి."

"అవీ ఈ రకమే, పడతాయి. కాకపోతే నెమ్మదివి సార్. పాతవి, కొత్తవి కలిపితే అన్నీ పాతవాటి స్పీడుకే దిగిపోతాయి. గుంపులో అన్నిటికన్నా నెమ్మదిది ఏదుంటే దాని స్పీడే అందరి స్పీడు."

డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన అలా తనంతట తాను లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మళ్ళీ చెప్పండి."

షరీఫ్ మళ్ళీ చెప్పాడు.

"అంటే జూనియర్ స్టిక్ ఎంత చురుకైనదైనా సీనియర్ స్టిక్‌ని దాటి పోదన్నమాట!"

"సీనియర్ అని కాదు సార్, స్లో అని..."

"రెండూ ఒకటేనయ్యా!" అన్నారు డైరెక్టర్ గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను నమ్మింది ఇదే. ఇన్నాళ్ళకి ఒక యంత్రం ఒప్పుకుంది."

పాత స్టిక్కులు బిగించారు. స్లాట్లన్నీ కళకళలాడాయి, ఆడిట్ ఆయన టార్చి ఆర్పేశాడు. నిజం చెప్పాలంటే పెద్ద తేడా ఏమీ రాలేదు. చీటీకి రెప్పపాటు పట్టేది కాస్తా రెండు రెప్పపాట్లు పట్టింది. ఆ సంగతి షరీఫ్ చెప్పాడు కూడా, "ఇది మీకు తెలియను కూడా తెలియదు సార్, కంగారు పడకండి" అని. కానీ డైరెక్టర్ గారి బుర్రలో అప్పటికే మీట పడిపోయింది. మర్నాటి కల్లా నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది.

"శాస్త్రీయముగా నిరూపితమైనందునను, పరిపాలనా సౌలభ్యము దృష్ట్యాను, ఇకమీదట ఈ డైరెక్టరేటునందలి సమస్త ఉద్యోగులు తమలో అత్యంత నెమ్మదియైన ఉద్యోగి వేగమును మించకుండా విధులు నిర్వర్తించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. వేగము అనగా నడక, వ్రాత, మాట, ఫలహారము మొదలగునవన్నియు. చీటీలు యంత్రమున అచ్చుగాక, మునుపటివలె చేతిముద్ర, సంతకములతో అన్ని టేబుళ్ళ మీదుగా వెళ్ళవలెను."

అందరికన్నా నెమ్మదైన మనిషెవరో తేల్చడానికి వరండాలో పోటీ పెట్టారు. ఎవరైనా పోటీలో గెలవడానికి పరిగెత్తుతారు, మావాళ్ళు గెలవడానికి నిలబడ్డారు. అకౌంట్స్ వాళ్ళయితే పెన్ను మూత తీయడం దగ్గరే ఆగి పట్టుదలగా చూస్తున్నారు. అయినా దేవుడిచ్చిన విద్య ముందు సాధన నిలుస్తుందా? చీటీల మీద ముద్ర వేసే భీమశంకరం గారు ఏ ప్రయత్నమూ లేకుండా నెగ్గేశారు. ఆయన ముద్రను సిరాలో అద్దుతారు, కాగితం మీద మెల్లగా ఆనిస్తారు, ఎత్తి ఊదుతారు, వెలుతురుకేసి పట్టుకుని చూస్తారు. నచ్చితే తల ఊపుతారు. నచ్చడానికి కొంత టైము పడుతుంది. పైగా మోకాళ్ళ నొప్పులు.

ఆయనకు దండ వేసి, 'మూలవేగాధికారి' అని చొక్కాకి బిళ్ళ పెట్టారు. పాపం పెద్దాయన బిక్కమొహం వేశారు.

"గోవర్ధనం, నాకెందుకయ్యా ఈ గొడవ? ఓ మూల కూర్చుని నా ముద్రలు నేను వేసుకునేవాణ్ణి" అన్నారు నాతో.

"మీరు వేసుకోండి సారూ. మేమంతా మీ వెనకాల ఉంటాం" అన్నాను.

ఉత్త మాట కాదు, నిజంగానే వెనకాల ఉన్నాం. ఆయన టీకి బయల్దేరితే ఆఫీసంతా వరసగా ఆయన వెనక అడుగులో అడుగేసుకుంటూ క్యాంటీన్‌కి. ఆయన గుటకకు మా గుటక. ఫోను మోగి మోగి ఆగిపోయాక గానీ ఆయన ఎత్తరు కనుక, మేము కూడా ఆగిపోయాకే ఎత్తి "హలో" అనేవాళ్ళం. అవతల ఎవరూ ఉండరు కాబట్టి సంభాషణలు బాగా తగ్గాయి. మధ్యాహ్నం ఆయనకు కునుకు పడితే ఎవరూ కీబోర్డు ముట్టుకోకూడదు. ఆయనకు తుమ్ము రాబోయి ఆగిపోయిన రోజున నలభై మందిమి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాం.

ఇంతటితో ఆగితే బాగుండేది. డైరెక్టర్ గారికి ఆడిట్ ఆయన టార్చిలైటు కల్లోకి వచ్చిందట. యంత్రంలో స్లాట్లు నింపాం సరే, ఉద్యోగుల బుర్రల్లో ఖాళీలుంటే? రెండో ఉత్తర్వు పడింది. ప్రతివాడూ పాత సర్క్యులర్లు బట్టీపట్టి బుర్ర కెపాసిటీ మేరకు నింపుకోవాలి, వారం వారం అప్పజెప్పాలి. నేను గోనెసంచుల మీద సుంకం తాలూకు సర్క్యులర్లు నింపుకున్నాను. రెండో రోజుకి మా ఆవిడ ఫోన్ నంబరు మరిచిపోయాను, నాలుగో రోజుకి ఇల్లు ఏ వీధిలోనో వెతుక్కున్నాను. చీటీలు రాసే గుమాస్తాకైతే తేదీ వేయాలన్న సంగతే బుర్రలోంచి జారిపోయింది. ఈ తేదీ సంగతి మీరు కాస్త గుర్తుంచుకోండి. గుర్తుంచుకోవడానికి మా దగ్గర చోటు లేదు.

సరిగ్గా ఆ టైములో సీతారావమ్మ రెండో లారీతో వచ్చింది. లారీ నిండా రసాలు, కోసి తెచ్చిన పచ్చికాయలు, ఆకుపచ్చగా గట్టిగా నిగనిగలాడుతున్నాయి. ఆమె మొహం వెలిగిపోతోంది.

"బాబూ, మొదటి లారీ కౌలుకు సరిపోయింది. ఇది నాది. ఈ ఏడాది నా కష్టమంతా ఈ లారీలోనే ఉంది. కాయ పచ్చిగా ఉండగా హైదరాబాదు చేరాలి, పండిపోతే అక్కడెవరూ ముట్టుకోరు. మొన్నటి మల్లే చిటికెలో ఇచ్చెయ్యండి, మీ పిల్లలు చల్లగుండాల" అంది.

దరఖాస్తు తీసుకుని, భీమశంకరం గారి నడకలో మొదటి టేబుల్ వైపు బయల్దేరాను. సీతారావమ్మ క్యారేజీ మూత తీసింది, అన్నం తింది, చెయ్యి కడుక్కుంది, కునుకు తీసి లేచింది. నేనింకా దారిలోనే ఉన్నాను.

"ఏమైందండీ మీ అందరికీ? బానే ఉన్నారు గదా, నడుంలోతు నీళ్ళల్లో నడిచినట్టు నడుస్తారేంటి?"

ఉత్తర్వు సంగతి చెప్పాను. నోరు వెళ్ళబెట్టింది.

"ఒకాయనకి మోకాళ్ళు నొప్పులైతే ఇంతమంది కుంటాలా? ఇదేం చోద్యమండీ!"

"శాస్త్రీయమమ్మా" అన్నాను. అంతకు మించి ఆలోచించడానికి నా బుర్రలో ఖాళీ లేదు.

రోజులు గడిచాయి. ఎండలు మండిపోతున్నాయి. లారీ మీద గడ్డి కప్పి, రోజుకో బుట్ట విప్పి చూసుకుని గుండెలు బాదుకునేది సీతారావమ్మ. ముందు ఒక మూల కాయ పసుపు తిరిగింది. తర్వాత వాసన మొదలైంది. మొదట గేటు దాకా, తర్వాత వరండాలోకి, ఆపైన ఫైళ్ళలోకి. మామిడిపండు వాసన పీలుస్తూ గోనెసంచుల సుంకం అప్పజెప్పడమంత నరకం ఇంకోటి లేదు. ఆ వాసన భీమశంకరం గారి టేబుల్ దాకా కూడా వచ్చింది. ఆయన ముద్ర పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, వరండాలోకి వచ్చారు. మేమంతా వెనకాల వచ్చాం.

"అమ్మా, నా మూలానేనా నీ కాయ పండిపోతున్నది?"

"మీ తప్పేముంది బాబాయిగారూ, మోకాళ్ళు మీ చేతిలో ఉంటాయా? కాకపోతే నా బతుకు మీ కాళ్ళకింద పడింది, అంతే." "కాస్త గబగబా కానియ్యండి బాబాయిగారూ. ఒక్క చీటీ."

పెద్దాయన వెనక్కి తిరిగారు. సీటుకెళ్ళి కూర్చున్నారు. చొక్కా చేతులు పైకి మడిచారు. అంతే! అద్దడం లేదు, ఊదడం లేదు, వెలుతురుకు పట్టడం లేదు. ఠక్! ఠక్! ఠక్! మూడు వారాల ముద్రలు ఒకటే బాదుడు. మూలవేగం పెరిగిందని తెలియగానే ఆఫీసంతా కట్లు తెంచుకుంది. అకౌంట్స్ గోపికాబాయి గారు టేబుల్ మీదుగా అవతలికి దూకారు. ఫోను ఒక్క మోతకే ఎత్తి "హలో" అన్నాం, అవతల నిజంగా ఎవరో ఉన్నారు! వాళ్ళే భయపడి పెట్టేశారు. నేను సీతారావమ్మ కాగితం పట్టుకుని పరుగో పరుగు. ఆనందానికి నాకు ఏడుపొచ్చింది. చీటీ టేబుళ్ళన్నీ దాటి చటుక్కున డైరెక్టర్ గారి బల్ల మీద వాలింది. ఇక ఆయన సంతకం ఒక్కటే మిగిలింది.

డైరెక్టర్ గారు చెవులు మూసుకుని బయటికొచ్చారు.

"ఏమిటీ చప్పుడు? ఆపండి! ఇది ఓవర్‌క్లాకింగ్!" ఆ మాట షరీఫ్ దగ్గర నేర్చుకున్నారు. "బోర్డు అనుమతించిన వేగాన్ని మించడం! కార్యాలయం వేడెక్కి కాలిపోతే బాధ్యులెవరు?"

"ఆ తల్లి పంట పోతోందండీ" అన్నారు భీమశంకరం గారు.

"మీ వేగం ఇప్పుడు మీ సొంతం కాదు శంకరంగారూ. అది ప్రభుత్వ ఆస్తి. దుర్వినియోగపరచినందుకు మెమో ఇస్తున్నాను, సంజాయిషీ రాయండి. తొందరేం లేదు."

సీతారావమ్మ చీటీ ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఆయన రోజూ దానిని చూశారు, చదివారు, పేపరువెయిట్ అటునుంచి ఇటు మార్చారు. ఒక శుభోదయాన సంతకం పెట్టారు. నేను చీటీ పట్టుకుని లారీ దగ్గరికి వెళ్ళేసరికి డైరెక్టర్ గారు స్వయంగా వెంట వచ్చి, గడ్డి తొలగించి ఒక పండు చేతిలోకి తీసుకున్నారు. వేలు దిగబడింది.

"ఇవి పండ్లు. అనుమతి 'పచ్చికాయలు, ఒక లారీ' అని ఉంది. ఇది వీటికి చెల్లదు. పండ్లకు వేరే దరఖాస్తు పెట్టుకోమ్మా" అని చీటీ తన జేబులో పెట్టుకున్నారు.

"అది వచ్చేసరికి ఇవి గుజ్జయి కారిపోతయ్యయ్యా!" అని అరిచింది సీతారావమ్మ.

"అప్పుడు గుజ్జుకు పెట్టుకోవచ్చు."

సీతారావమ్మ ఆయన మొహంలోకి చూసింది. లారీ వంక చూసింది. మా మేడ వంక, దాని పైన చెట్టు నీడైనా లేని డాబా వంక చూసింది. కళ్ళు తుడుచుకుని డ్రైవర్ దగ్గర ఫోను అడిగి తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆగిరిపల్లి బస్సులోంచి ఆడవాళ్ళు దిగారు, చంకల్లో తాటాకు చాపలు, చేతుల్లో గంగాళాలు. తిన్నగా మా మేడ మెట్లెక్కి డాబా మీదికి పోయారు. బుట్టలు పైకి వెళ్ళాయి. పండ్లు పిసికి, రసం తీసి, బెల్లం కలిపి, చాపల మీద పూతలు పూస్తున్నారు. ఒక పూత ఎండగానే దాని మీద ఇంకోటి. పైనుంచి నవ్వులు, పరాచికాలు, గంగాళాల చప్పుళ్ళు. టెంకలన్నీ పెరటి వైపు విసిరేస్తున్నారు, అవి మా కిటికీల ముందు నుంచి దబదబా పడుతున్నాయి.

డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"గోవర్ధనం! ప్రభుత్వ భవనం మీద తాండ్ర పోస్తున్నారు! పైకెళ్ళి తక్షణం ఆపించండి!"

"వెళ్తాను సార్. కాకపోతే ఉత్తర్వు ప్రకారం భీమశంకరం గారి వేగాన్ని మించకూడదు కదా."

"మించొద్దు. ఆయన వేగంలోనే వెళ్ళండి."

"ఆయన మోకాళ్ళు మెట్లెక్కవు సార్. మెట్ల మీద ఆయన వేగం సున్నా."

డైరెక్టర్ గారు ఆలోచించారు. తన ఉత్తర్వును ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివారు. ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి పైవాళ్ళకి నోటీసు రాయమన్నారు. అది టేబుళ్ళ మీదుగా బయల్దేరింది, నాకు తెలిసి ఇప్పటికీ ప్రయాణంలోనే ఉంది. ఈలోపు ఎండ కాసింది, తాండ్ర ఎండింది. పక్కన ఫైలు విప్పుకుని, ఇంత ముక్క బుగ్గన పెట్టుకుని మేము కూడా మా విధులు నిర్వర్తించాం. తాండ్ర నమలడం ఎటూ నెమ్మదిగానే సాగుతుంది కాబట్టి ఉత్తర్వు ఉల్లంఘన జరగలేదు.

తాండ్ర చాపలు చుట్టి, మూటలు కట్టి, మళ్ళీ లారీకి ఎక్కించారు. సీతారావమ్మ మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, కౌంటరు దగ్గరికొచ్చింది.

"అయ్యా, చీటీ ఇస్తారా?"

"దేనికి?" అన్నారు డైరెక్టర్ గారు. ఆమెకు బుద్ధి చెప్పాలని ఆయనే స్వయంగా కౌంటర్లో కూర్చున్నారు.

"తాండ్రకి."

"ఇవ్వం. తాండ్ర ఫలము కాదు. అది తయారైన ఆహారము. మా పరిధిలోకి రాదు."

"ఎంత బతిమాలినా ఇవ్వరా?"

"ఎంత బతిమాలినా ఇవ్వం!"

"మరి చీటీ లేకుండా పోతే ఆపుతారా?"

"ఆపే అధికారం కూడా మాకు లేదు!" అని బల్ల గుద్ది మరీ చెప్పారు డైరెక్టర్ గారు. చెప్పాక ఒక్క క్షణం ఆయనకే ఏదో అనుమానం తగిలినట్టు మొహం పెట్టారు. కానీ సీతారావమ్మ అప్పటికే చేతులెత్తి దణ్ణం పెట్టేసింది.

"చల్లగుండండి బాబూ. మీరు ఇవ్వకపోటమే నాకు పదివేలు."

అదే సమయానికి షరీఫ్ గదిలోకి వచ్చాడు. చీటీలు ఎందుకు కదలడం లేదో చూడమని, అవసరమైతే సర్వరుకు ఇంకా నెమ్మదైన స్టిక్కులు తెప్పించమని డైరెక్టర్ గారే రమ్మన్నారు. అతను సర్వరు చూశాడు, టేబుళ్ళన్నీ చూశాడు, గడ్డం గోక్కున్నాడు.

"సార్, స్టిక్కులు బానే ఉన్నాయి. మీ మనుషులూ బానే ఉన్నారు. పెద్దాయన గబగబా ముద్రలేసిన రోజున ఈమె చీటీ అన్ని టేబుళ్ళూ దాటి మీ బల్ల దాకా వచ్చేసిందటగా. ఆ తర్వాత అక్కడే ఉంది. నేను మొదట్లోనే చెప్పాను సార్, లిమిట్ స్టిక్కుది కాదు, బోర్డుది."

టేబుళ్ళ వెనక తలలన్నీ డైరెక్టర్ గారి వైపు తిరిగాయి.

"అంటే," అన్నారు డైరెక్టర్ గారు మెల్లగా, "ఈ కార్యాలయంలో అందరికన్నా నెమ్మదైన వ్యక్తిని నేనంటారా?"

"నేనట్టా అనలేదు సార్..."

"అనండి! శాస్త్రం చెబుతుంటే మీరు మొహమాటపడతారేం?" ఆయన మొహం మతాబాలా వెలిగింది. "ఎంత అన్యాయం జరిగిపోయిందయ్యా గోవర్ధనం! సీనియారిటీలో నేను పైనుండగా ఆ బిళ్ళ క్రిందివారికి వెళ్ళింది. ఎవరూ ఎత్తిచూపలేదేం?"

భీమశంకరం గారి చొక్కా మీది బిళ్ళ తీసి తన కోటుకు పెట్టుకున్నారు. ఇకమీదట ఆఫీసంతా డైరెక్టర్ గారి వేగాన్ని మించకూడదని అక్కడికక్కడే నోటిమాటగా ఉత్తర్వైంది. చప్పట్లు కొట్టబోయి, ఆయన వేగంలో చప్పట్లంటే ఎలాగో తెలియక, చేతులు గాల్లో పెట్టుకుని ఆగిపోయాం.

భీమశంకరం గారు లేచి నిలబడ్డారు.

"అయ్యా, నేను నెమ్మది మనిషినే. కానీ మీ అంత నెమ్మది నాకీ వయసులో చేతకాదు. సెలవిప్పించండి" అని ముద్ర బల్ల మీద పెట్టి, కండువా దులుపుకుని బయటికి నడిచారు. గేటు దగ్గర లారీ కదలబోతోంది.

"బాబాయిగారూ, ఎటు?" అంది సీతారావమ్మ క్యాబిన్లోంచి తొంగిచూసి.

"ఇంటికేనమ్మా. పనైపోయింది."

"ఇంటికెళ్ళి ఏం చేస్తారు? మా తోటకు రండి. ఇకనించీ కాయ పంపను, తాండ్రే పోస్తా. మూటమూటకీ మా పేరు ముద్ర పడాల. మీ అంత ఇదిగా ముద్రేసే మనిషి నాకెక్కడ దొరుకుతాడు?"

పెద్దాయన ఆలోచించారు. ఆలోచిస్తున్నంతసేపూ లారీ ఆగింది, ఎవరూ హారన్ కొట్టలేదు. తర్వాత డ్రైవరు చెయ్యి అందిస్తే, ఆ మోకాళ్ళతోనే క్యాబిన్ ఎక్కేశారు. తాండ్ర ఎండటానికి రోజులు పడతాయి కనుక ఆయన ఊది, వెలుతురుకు పట్టి, తల ఊపి ముద్ర వేసినా అక్కడ ఎవరికీ తొందర లేదట. మొన్నే నాకొక మూట పంపారు. ముద్ర ఎంత చక్కగా పడిందో, విప్పబుద్ధి కాలేదు.

ఆ సంగతి రైతులందరికీ పాకింది. మా డైరెక్టరేటుకి కాయ రావడం లేదు. సర్వరు పదహారు స్లాట్లతో నిండుగా, చల్లగా, ఖాళీగా కూర్చుంది. అలాంటప్పుడే టార్చిలైటు పుచ్చుకుని ఆడిట్ ఆయన మళ్ళీ దిగాడు.

"ఈ సీజనులో మీరు ఆఖరుగా ఇచ్చిన అనుమతి ఒక లారీ పచ్చికాయలకు. ఆ కాయలు జిల్లా దాటిన దాఖలా లేదు. కాయలు ఎక్కడ?"

నేను గోడవారకు జరిగాను. డైరెక్టర్ గారు మాత్రం చెక్కుచెదరలేదు. ఆడిట్ ఆయన్ని వెంటబెట్టుకుని, తన వేగంలో, పెరట్లోకి తీసుకెళ్ళారు. డాబా మీంచి పడ్డ టెంకల్లో ఒకటి మొలిచి, రాగిరంగు లేతాకులతో నిలబడి ఉంది. దాని పక్కన పుల్ల పాతి, పుల్లకి సీతారావమ్మ చీటీ కట్టించారు ఆయన.

"పెరుగుతున్నాయి. మొక్క చెట్టయి పచ్చికాయలు కాయగానే బయల్దేరతాయి. అనుమతి సిద్ధంగా ఉంది. తేదీ లేదు కనుక గడువు దాటే ప్రసక్తి రాదు. నాకు తెలిసి దరఖాస్తుదారుని కన్నా ముందే పని పూర్తిచేసిన కార్యాలయం ఇదొక్కటే."

ఆడిట్ ఆయన మొక్క మీదికి లైటు వేసి చూశాడు, చీటీ మీదికి వేసి చూశాడు. "సంతృప్తికరం" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మొక్కకు నీళ్ళు పోసే బాధ్యత నాకు అప్పగించారు. డైరెక్టర్ గారి వేగంలో పోస్తున్నాను, అంటే చెంబు పట్టుకుని నిలబడుతున్నాను. అయినా వానలు పడి అదెలాగో పెరుగుతోంది. మొన్న చూద్దును కదా, జానెడు ఎదిగి కొత్త చిగురేసింది. మూలవేగాన్ని ఎప్పుడో దాటేసింది. మెమో ఇవ్వమంటారేమోనని భయపడి నేనింకా పైకి చెప్పలేదు.